తెలిసిన కథలు, చదవని పుస్తకాలు: పాత సాహస నవలల్లో, తొలి సైన్స్ ఫిక్షన్‌లో దేనితో మొదలుపెట్టాలి?

ఓడ పైతట్టు మీద ఒక ఆపిల్ పీపా. దాదాపు ఖాళీ. అడుగున ఒక్క పండైనా మిగిలిందేమోనని జిమ్ హాకిన్స్ అందులోకి పూర్తిగా దిగిపోతాడు. చీకటి, నీళ్ల చప్పుడు, ఓడ ఊపు. కునుకు పట్టబోతుంది. ఇంతలో ఎవరో భారీ మనిషి పక్కనే ధబ్బున కూలబడి పీపాకి వీపు ఆనిస్తాడు. మాట్లాడటం మొదలుపెడతాడు. ఆ గొంతు ఓడలో వంటవాడు లాంగ్ జాన్ సిల్వర్‌ది. పది పన్నెండు మాటలు వినేసరికే జిమ్‌కి తెలిసిపోతుంది, ఓడలో ఉన్న మంచివాళ్లందరి ప్రాణాలూ ఇప్పుడు తన ఒక్కడి చేతిలో ఉన్నాయని.

'ట్రెజర్ ఐలాండ్' కథ తెలిసినవాళ్లందరికీ ఈ ఘట్టం గుర్తుంటుంది. నాకూ ఉంది. బళ్లో చదువుకునే రోజుల్లో బొమ్మలతో ఉన్న ఒక పలచటి సంక్షిప్త పుస్తకంలో చదివాను. ముప్ఫై దాటాక అసలు నవల తెరిస్తే, ఆ పీపా దగ్గర నేనెప్పుడూ చూడని సంగతి ఒకటి కనిపించింది. సిల్వర్ ఒక కుర్ర నావికుణ్ణి తన ముఠాలోకి లాగడానికి పొగుడుతున్నాడు. ఆ పొగడ్త అంతకుముందు జిమ్‌ని పొగిడిన మాటలే, పొల్లుపోకుండా. అది వినగానే జిమ్‌కి చేతనైతే పీపాలోంచే వాణ్ణి చంపెయ్యాలనిపిస్తుంది. కథ మొదట్లోనే తండ్రిని పోగొట్టుకున్న పిల్లవాడు. ఓడ ఎక్కాక తనని మనిషిగా చూసి కబుర్లు చెప్పినవాడు సిల్వర్. ఆ దెబ్బ ఎక్కడ తగిలిందో ఆ ఒక్క వాక్యం చెబుతుంది. సంక్షిప్త ప్రతిలో కుట్ర ఉంది, భయం ఉంది. ఈ మంట లేదు.

ఈ పాత పుస్తకాలతో మనకున్న చిక్కే ఇది. కథలు తెలుసు కాబట్టి పుస్తకాలు చదివేశామనుకుంటాం. సినిమాలు, బొమ్మల పుస్తకాలు, పాఠ్యపుస్తకాల్లో రెండు పేజీల ముక్కలు, ఇవన్నీ కలిసి మన బుర్రలో ఒక నకలు తయారుచేసి పెట్టాయి. అందుకే మళ్లీ వీటి దగ్గరికి వెళ్లాలనుకునేవాళ్లకి నేను చెప్పే కొలత ఒకటే: మీకు తెలిసిన కథకీ అసలు పుస్తకానికీ మధ్య ఎడం ఎక్కడ ఎక్కువగా ఉందో, అక్కడ మొదలుపెట్టండి. పేరు గొప్పదా, ఎవరు ముందు రాశారు అన్నవి తర్వాత చూసుకోవచ్చు. దానికి తోడు మీ దగ్గరున్న సమయం, ఓపిక కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఈ రెండు కొలతలతోనే కింద ఒక్కొక్కటీ తూచి చెబుతాను.

సాహస నవలలు: వేగం కావాలా, నిడివి కావాలా

సాహస కథల వైపు మొగ్గేవాళ్లకి నా మొదటి ఎంపిక స్టీవెన్‌సన్ రాసిన 'ట్రెజర్ ఐలాండే'. 1881-82లో పిల్లల పత్రికలో సీరియల్‌గా వచ్చి, 1883లో పుస్తకమైంది. 34 చిన్న అధ్యాయాలు. రోజుకి రెండు చొప్పున చదివినా మూడు వారాల్లోపే అయిపోతుంది. దీని మూలం ఒక పటం. ఇంట్లో పిల్లవాడితో కూర్చుని రంగులు వేస్తూ ఒక దీవి బొమ్మ గీశాడు స్టీవెన్‌సన్. ఆ బొమ్మలోని పేర్ల నుంచి కథ పుట్టింది. అందుకే ఆ దీవిలో ఎక్కడ కొండ, ఎక్కడ చిత్తడి, ఎక్కడ కోట అన్నది మనకి ఎప్పుడూ తడబాటు లేకుండా తెలుస్తూ ఉంటుంది. ఇక సిల్వర్. ఇంత మంచి దుర్మార్గుడు ఈ మొత్తం కోవలో మరొకడు లేడని నా నమ్మకం. చివరిదాకా మనం వాణ్ణి అసహ్యించుకోలేం, నమ్మలేం.

'రాబిన్‌సన్ క్రూసో' (1719) సంగతి వేరు. ఒంటరి దీవి, ఇసుకలో పాదముద్ర, ఫ్రైడే. అందరికీ తెలిసిన కథ ఇంతే. పుస్తకంలో ఎక్కువ భాగం ఒక మనిషి వేసుకున్న పద్దు. ఓడ శిథిలాల్లోంచి ఏమేమి తెచ్చుకున్నాడు, ఎన్ని మేకలు పట్టాడు, కుండ ఎన్నిసార్లు పగిలింది. ఒక చోట శిథిలాల్లో డబ్బు దొరుకుతుంది. దీవి మీద నువ్వు నాకెందుకు పనికొస్తావని దాన్ని ఈసడించుకుంటాడు. తర్వాత మనసు మార్చుకుని మూటగట్టుకుంటాడు. ఈ ఒక్క చోట మనిషి మొత్తం దొరికిపోతాడు. అయితే నిజం చెప్పాలంటే, నెమ్మదిగా చదివే అలవాటు లేనివాళ్లకి ఇది మొదటి పుస్తకంగా పనికిరాదు. పద్దులు, లెక్కలు, ప్రార్థనలు. వాటిలో రుచి కనిపెట్టినవాళ్లకే ఇది కైవసమవుతుంది.

నెలల తరబడి ఒకే పుస్తకంతో బతకాలని ఉంటే డ్యూమా రాసిన 'ది కౌంట్ ఆఫ్ మాంటె క్రిస్టో' తీసుకోండి. 1844 నుంచి 1846 దాకా పారిస్ దినపత్రికలో సీరియల్‌గా వచ్చిన నవల. జైలు, తప్పించుకోవడం, నిధి. మనకి తెలిసిన ఈ భాగమంతా పుస్తకం మొదటి పాతికశాతంలోనే అయిపోతుంది. మిగతాదంతా, పగ తీర్చుకోవడమనే పని ఒక మనిషిని లోపల్నుంచి ఎలా తొలిచేస్తుందో చెప్పే కథ. తను దేవుడి తరఫున న్యాయం చేస్తున్నానని నమ్మినవాడు, ఆ నమ్మకం వల్ల ఒక పసివాడి ప్రాణం పోయాక, తనని తానే సందేహించుకునే దృశ్యం కోసం వెయ్యి పేజీలు చదవచ్చు. సీరియల్ కాబట్టి ప్రతి అధ్యాయం చివర ఒక కొక్కెం ఉంటుంది. తరువాయి వచ్చే సంచికలో అన్న తీరు మనకి కొత్త కాదు గనక ఈ నిడివి భయపెట్టినంత బరువుగా ఉండదు.

రైడర్ హాగర్డ్ 'కింగ్ సాలమన్స్ మైన్స్' (1885) వేగంలో స్టీవెన్‌సన్‌కి దగ్గరగా వస్తుంది. 'ట్రెజర్ ఐలాండ్'లో సగం బాగుండే కథైనా రాయగలవా అని సోదరుడితో పడిన చిన్న పందెంలోంచి పుట్టింది ఇది. ఇందులో ఒక ముచ్చట ఉంది. తెల్లవాళ్లు గ్రహణాన్ని ముందే చెప్పి దాన్ని తమ మహిమగా చూపించుకుంటారు. మొదటి ముద్రణలో అది సూర్యగ్రహణం. పున్నమి పక్కనే సూర్యగ్రహణం రాదు కదా! తర్వాతి ముద్రణల్లో హాగర్డ్ దాన్ని చంద్రగ్రహణంగా మార్చాడు. మీ ప్రతిలో ఏ గ్రహణం ఉందో చూస్తే అది ఏ పాఠమో తెలిసిపోతుంది. కథ బిగువుగా నడుస్తుంది. కానీ ఆఫ్రికా మనుషులనీ ఏనుగులనీ చూసే చూపు చాలాచోట్ల ముల్లులా గుచ్చుకుంటుంది. స్టీవెన్‌సన్‌తో పోల్చి ఒక్కటే చదవగలనంటే హాగర్డ్‌ని పక్కన పెట్టమంటాను.

వెర్నా, వెల్సా

తొలి సైన్స్ ఫిక్షన్ అనగానే వచ్చే ప్రశ్న ఇదే. ఇద్దరినీ ఒకే గాటన కడతారు గానీ చదివే అనుభవంలో పోలికే లేదు. జూల్స్ వెర్న్ 1828లో పుట్టిన ఫ్రెంచివాడు, హెచ్.జి. వెల్స్ 1866లో పుట్టిన ఇంగ్లిషువాడు. దాదాపు నలభై ఏళ్ల తేడా. వెర్న్ రాసింది ఎట్జెల్ అనే ప్రచురణకర్త దగ్గర, చదువునీ వినోదాన్నీ కలిపి ఇంటిల్లిపాదికీ అందించాలనుకున్న పత్రికకి. అతని నవలల్లో చేపల పేర్లు, ఖనిజాల పేర్లు పేజీలకి పేజీలు రావడానికి కారణం అదే. వెల్స్ కుర్రతనంలో టి.హెచ్. హక్స్‌లీ దగ్గర జీవశాస్త్రం చదివాడు. మనిషి ఎప్పటికీ ఇలాగే ఉండిపోయే జీవి కాదన్న ఆలోచన అక్కడే ఒంటబట్టింది.

చంద్రుడి మీదికి వెళ్లాలంటే వెర్న్ ఫ్లోరిడాలో తొమ్మిది వందల అడుగుల ఫిరంగి పోత పోయిస్తాడు. ఎంత ఇనుము, ఎంత మందుగుండు, ఎంత ఖర్చు, ఏ దేశం ఎంత చందా ఇచ్చింది, అన్నీ లెక్క. వెల్స్ అయితే గురుత్వాకర్షణని అడ్డుకునే ఒక పదార్థాన్ని ఊహించేసి, దాంతో చేసిన గోళంలో ఇద్దరిని పంపించేస్తాడు. ఇది వెర్న్‌కి నచ్చలేదు. నేను భౌతికశాస్త్రాన్ని వాడుకుంటాను, ఆయన కల్పించేస్తాడు అన్న అర్థంలో ఒక ఇంటర్వ్యూలో ఫిర్యాదు చేశాడు. నిజానికి వెర్న్ ఫిరంగి పేలితే ఆ అదురుకే లోపలివాళ్లు పచ్చడైపోతారు. కాబట్టి ఎవరి సైన్స్ సరైందన్న తూకంతో ఎంచుకోవద్దు. మీకు ఏ ప్రశ్న ఇష్టం? 'ఇది ఎలా చేస్తారు' అన్నదా, 'ఇలా జరిగితే మనమేమైపోతాం' అన్నదా? మొదటిదైతే వెర్న్, రెండోదైతే వెల్స్.

వెర్న్‌లో ఏది? పలకరింపుగా ఒకటి చదవాలంటే 'ఎరౌండ్ ది వరల్డ్ ఇన్ ఎయిటీ డేస్'. చిన్నది, చురుకైనది. అందరికీ గుర్తున్న గాలిబుడగ ప్రయాణం అసలు పుస్తకంలో లేనే లేదు. అది సినిమా అతికించింది. రైళ్లు, ఓడలు, ఒక ఏనుగు, తెరచాప కట్టిన మంచుబండి ఉన్నాయి. చివర్లో కథని తిప్పేసే మెలిక, తూర్పుకి తిరిగినవాడికి ఒక రోజు కలిసివస్తుందన్నది, ఇప్పటికీ ముద్దుగా ఉంటుంది.

కానీ వెర్న్‌ని ప్రేమించాలంటే 'ది మిస్టీరియస్ ఐలాండ్' (1874-75) చదవాలి. అమెరికా అంతర్యుద్ధంలో ముట్టడిలో ఉన్న రిచ్‌మండ్ నుంచి ఐదుగురు, ఒక కుక్క బెలూన్‌లో తప్పించుకుని తెలియని దీవి మీద పడతారు. క్రూసోకి ఓడ శిథిలాలున్నాయి. వీళ్లకి ఏమీ లేవు. నిప్పు కూడా లేదు. ఇంజనీరు రెండు జేబుగడియారాల అద్దాలు తీసి, మధ్యలో నీళ్లు పోసి, అంచులు మట్టితో మూసి భూతద్దం చేస్తాడు. ఒకరోజు కుర్రవాడు హెర్బర్ట్ కోటు అస్తరులో ఒక్క గోధుమ గింజ దొరుకుతుంది. ఇదేం భాగ్యమని నావికుడు పెదవి విరుస్తాడు. ఇంజనీరు లెక్క కడతాడు: ఒక గింజకి పది వెన్నులు, వెన్నుకి ఎనభై గింజలు. మొదటి కోతకి 800, రెండో కోతకి 6,40,000, మూడో కోతకి 51 కోట్ల 20 లక్షలు. అక్కడ చదువుతూ నేను నిజంగానే కాగితం తీసుకుని గుణించి చూసుకున్నాను. ఆ ఒక్క గింజ పాతిన చోట చుట్టూ కంచె కట్టి పిట్టలని తోలుతూ కాపలా కాస్తారు. ఎన్ని హోరాహోరీ పోరాటాలు చదివినా, ఆ గింజ కోసం పడినంత ఆత్రుత నేను దేనికీ పడలేదు.

ఈ దీవి చివర్లోనే కెప్టెన్ నెమో ఎవరో తెలుస్తుంది. 'ట్వెంటీ థౌజండ్ లీగ్స్ అండర్ ది సీ'లో పేరూ ఊరూ చెప్పని ఆ జలాంతర్గామి నాయకుడు బుందేల్‌ఖండ్ యువరాజు డక్కర్, టిప్పు సుల్తాన్‌కి బంధువు, 1857 తిరుగుబాటులో పోరాడి సర్వం పోగొట్టుకున్నవాడు. అందుకని వరస ముఖ్యం: ముందు 'ట్వెంటీ థౌజండ్ లీగ్స్', తర్వాత 'మిస్టీరియస్ ఐలాండ్'. రెండింటి తేదీలు ఒకదానితో ఒకటి పొసగవు, పట్టించుకోకండి. మొదటిదాంట్లో చేపల జాబితాలు వస్తే నిర్మొహమాటంగా దాటేయండి. అన్నట్టు, ఆ ఇరవై వేల లీగులు లోతు కాదు, నీటి కింద తిరిగిన దూరం.

వెల్స్ దగ్గరికి వస్తే తికమకే లేదు. 'ది టైమ్ మెషీన్' (1895). సుమారు 32,000 పదాలు. ఒక సాయంత్రం, ఒక రాత్రి చాలు. గురువారం భోజనానికి అతిథులంతా వచ్చి ఎదురుచూస్తుంటే, ఇంటాయన దుమ్ము కొట్టుకుపోయి, కుంటుతూ, రక్తపు మరకల చిరిగిన మేజోళ్లతో లోపలికొచ్చి ముందు తినడానికి మాంసం అడుగుతాడు. 8,02,701వ సంవత్సరం నుంచి వచ్చాడు. అందరికీ గుర్తున్నది ఆ యంత్రం. పుస్తకం బలమంతా యంత్రం ఆగిన చోట ఉంది. పైన ఎండలో పూలతో ఆడుకునే బలహీనమైన ఎలోయిలు, కింద చీకట్లో యంత్రాలు నడిపే మోర్లాకులు. కూర్చుని తిన్నవాళ్ల సంతతి ఒకటి, పనిచేసినవాళ్ల సంతతి మరొకటి. ఇక్కడే ఆగిపోయే సంక్షిప్త ప్రతులున్నాయి. అసలు నవల ఇంకా ముందుకి, కోట్ల ఏళ్ల అవతలికి పోతుంది. ఎర్రగా ఉబ్బిన సూర్యుడు, అల లేని సముద్రం, పాకే పెద్ద పీతలు, తర్వాత అవీ లేని నిశ్శబ్దం, మంచు. ఆ ఒడ్డు గురించి రాసిన నాలుగైదు పేజీలు నేను చదివిన ఇంగ్లిష్ వచనంలోకెల్లా భయంకరమైనవి, అందమైనవి కూడా.

'ది వార్ ఆఫ్ ది వరల్డ్స్' (1898) దాని తర్వాత. అంగారకవాసుల మూడుకాళ్ల యంత్రాలు అందరికీ తెలుసు. మొదటి అధ్యాయంలోనే వెల్స్ తన పాఠకులకి టాస్మానియా ఆదివాసులని గుర్తుచేస్తాడన్నది చాలామందికి తెలియదు. యూరప్ నుంచి వెళ్లినవాళ్లు యాభై ఏళ్లలో వాళ్లని తుడిచిపెట్టేశారు కదా, అంగారకవాసులు మనకి అదే చేస్తే ఏ మొహంతో ఫిర్యాదు చేస్తామని అడుగుతాడు. సామ్రాజ్యం నడినెత్తిన ఉన్న రోజుల్లో ఆ మాట రాసినవాడి పుస్తకాన్ని వింత యంత్రాల కథగా మాత్రమే గుర్తుపెట్టుకోవడం అన్యాయం.

పోలికకి లొంగని పుస్తకం

ఇక మేరీ షెల్లీ 'ఫ్రాంకెన్‌స్టైన్' (1818). నేను చెప్పిన ఎడం కొలతతో చూస్తే దీనికి సాటి లేదు. మీకు తెలిసిన దాంట్లో దాదాపు ఏదీ పుస్తకంలో లేదు. పిడుగుతో ప్రాణం పోయడం, గూని సహాయకుడు, మెడలో మేకులు, ఏవీ లేవు. ఫ్రాంకెన్‌స్టైన్ అన్నది ఆ ప్రాణిని తయారుచేసిన విద్యార్థి పేరు, ప్రాణికి పేరే లేదు. పైగా అది మాట్లాడుతుంది! అడవిలో ఒక పేద కుటుంబం ఇంటి పక్క కొట్టంలో దాక్కుని, గోడ సందులోంచి వాళ్లని చూస్తూ భాష నేర్చుకుంటుంది, మహాకవి మిల్టన్‌ని చదువుతుంది. రాత్రిళ్లు వాళ్లకి కట్టెలు కొట్టి వాకిట్లో పెడుతుంది. చివరికి ధైర్యం తెచ్చుకుని, కొడుకూ కూతురూ బయటికి వెళ్లిన వేళ చూసి, కళ్లు లేని ముసలాయన ఒక్కడే ఉండగా లోపలికి వెళ్లి పలకరిస్తుంది. ఆయన ఆదరంగానే మాట్లాడతాడు. అప్పుడు తలుపు తెరుచుకుంటుంది. ఆ తర్వాత జరిగింది చదివాక దాన్ని రాక్షసి అనడానికి నాకు నోరు రాలేదు.

షెల్లీ ఇది మొదలుపెట్టినప్పుడు ఆమెకి పద్దెనిమిదేళ్లు. ఉత్తరాల లోపల కథ, దాని లోపల మరో కథ. మొదటి యాభై పేజీలు ఓపిక పట్టాలి. 1818 పాఠమా, ఆమె తర్వాత దిద్దిన 1831 పాఠమా అంటే నా ఓటు మొదటిదానికి. రెండోదాంట్లో అంతా విధిరాత అన్న ధోరణి పెరిగింది. మొదటిదాంట్లో తప్పు చేసినవాడి మీద భారం సూటిగా పడుతుంది.

అసలు సమయమే లేదంటే రెండు చిన్న కథలున్నాయి. రుకియా సఖావత్ హుస్సేన్ రాసిన 'సుల్తానాస్ డ్రీమ్' 1905లో మద్రాసు నుంచి వెలువడే మహిళల పత్రికలో వచ్చింది. మగవాళ్లు ఇంట్లో ఘోషాలో ఉండి, ఆడవాళ్లు సూర్యశక్తితో దేశం నడిపే కథ. కాసేపట్లో చదివేయవచ్చు. ఇ.ఎం. ఫార్‌స్టర్ 'ది మెషీన్ స్టాప్స్' 1909 నాటిది. మనుషులంతా ఎవరి గదిలో వాళ్లు ఉండి పలకల మీద ఒకరినొకరు చూసుకుంటూ మాట్లాడుకునే లోకం. ఆ తారీఖు చూసి రెండోసారి చదవాలనిపిస్తుంది.

ఏ నవలన్నది తేలాక, ఏ ప్రతి?

అసలు ప్రమాదం ఇక్కడుంది. మాంటె క్రిస్టోని నేను మొదట చక్కటి గట్టి అట్ట ఉన్న పుస్తకంగా కొన్నాను. ఐదొందల పేజీలు. అట్ట మీదా లోపలా ఎక్కడా సంక్షిప్తం అన్న మాటే లేదు. చదువుతుంటే రోమ్‌లో ఉన్న మనుషులు హఠాత్తుగా పారిస్‌లో తేలారు. నాకే ఏదో అర్థం కాలేదనుకుని రెండుసార్లు వెనక్కి వెళ్లాను. తర్వాత పూర్తి పాఠంతో పోల్చి చూస్తే అధ్యాయాలకి అధ్యాయాలే లేవు. అప్పటినుంచి కొనేముందు అధ్యాయాలు లెక్కపెడతాను. ఆ నవలకి 117 ఉండాలి. ఇంగ్లిష్‌లో అయితే 1996లో రాబిన్ బస్ చేసిన అనువాదం నిండుగా ఉంటుంది. 1846 నాటి పాత అనువాదం అప్పటి మర్యాదల కోసం కొన్నిచోట్ల మూలాన్ని మెత్తబరిచింది.

వెర్న్ విషయంలో ఈ జాగ్రత్త పదింతలు కావాలి. ఇంగ్లిష్‌లో వెర్న్‌ని పిల్లల రచయిత అనుకోవడానికి సగం కారణం పాత అనువాదాలే. 1872 నాటి 'ట్వెంటీ థౌజండ్ లీగ్స్' అనువాదంలో దాదాపు నాలుగో వంతు ఎగిరిపోయింది. మిగిలినదాంట్లో పొరపాట్లు. నెబ్రాస్కాలోని బ్యాడ్‌లాండ్స్ అనే బీడు ప్రాంతం కాస్తా 'అప్రియమైన నెబ్రాస్కా ప్రాంతం' అయికూర్చుంది. సముద్రం అడుగున వేసుకునే డైవింగ్ సూటు బెండు చొక్కా అయిపోయింది. బెండు వేసుకుని ఎవరైనా మునుగుతారా! పుస్తకం రెండో అధ్యాయం తెరిచి నెబ్రాస్కా దగ్గర ఏం రాశారో చూడండి, అనువాదం తేలిపోతుంది.

'జర్నీ టు ది సెంటర్ ఆఫ్ ది ఎర్త్'కి గుర్తు ఇంకా తేలిక. ప్రొఫెసర్ పేరు లిడెన్‌బ్రాక్ అని ఉంటే సరే. హార్డ్‌విగ్ అని ఉంటే అది 1871 నాటి అనువాదం. పేర్లు మార్చి, వెర్న్ రాయని ఘట్టాలు కూడా చేర్చారు. 'మిస్టీరియస్ ఐలాండ్'లో ఇంజనీరు సైరస్ స్మిత్ అయి ఉండాలి. సైరస్ హార్డింగ్ అని కనిపిస్తే అది కింగ్‌స్టన్ పేరుతో వచ్చిన తొలి అనువాదం. అందులో నెమో చనిపోయేముందు బ్రిటిష్ పాలన గురించి చెప్పే మాటలని ఆంగ్ల పాఠకులు నొచ్చుకోకుండా మార్చేశారు. ఒక నవల గుండెకాయలాంటి చోటు అది. ఆ ప్రతితో చదివితే నెమోని కలిసినట్టే కాదు. 2001లో వచ్చిన సిడ్నీ క్రావిట్జ్ అనువాదం గానీ, జోర్డన్ స్టంప్ అనువాదం గానీ వెతుక్కోండి.

ఈ రచయితలంతా ఎప్పుడో పోయినవాళ్లు గనక పుస్తకాలు చాలావరకు ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ అనే వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. స్టీవెన్‌సన్‌కి, వెల్స్‌కి అక్కడి ప్రతులు నిశ్చింతగా చదవచ్చు, వాళ్లు ఇంగ్లిష్‌లోనే రాశారు. వెర్న్‌కి మాత్రం ఉచితంగా దొరికేవాటిలో పాత అనువాదాలే ఎక్కువ. 'ట్వెంటీ థౌజండ్ లీగ్స్' ఒక్కదానికి ఎఫ్.పి. వాల్టర్ చేసిన పూర్తి అనువాదం అక్కడే ఉచితంగా ఉంది. అదే తీసుకోండి.

తెలుగులో చదవాలంటే 'ట్రెజర్ ఐలాండ్'కి నండూరి రామమోహనరావు గారి 'కాంచన ద్వీపం' ఉంది. ఇంగ్లిష్ ఓడ పరిభాష దగ్గర చిక్కుకుపోయేవాళ్లకి ముందు అదే మేలు. ఆ తర్వాత మూలానికి వెళితే తాళ్ల పేర్లు, తెరచాపల పేర్లు అడ్డం రావు. ఇక వినే అలవాటున్నవాళ్లు వెల్స్‌నీ స్టీవెన్‌సన్‌నీ వినొచ్చు. వెర్న్‌ని మాత్రం వినొద్దు. అంకెలు, జాబితాలు చెవికి ఎక్కవు, దాటేయడమూ కుదరదు.

గుచ్చుకునే చోట్లు

పిల్లలకి ఇవ్వాలనుకునేవాళ్లు ఒక సంగతి ముందే తెలుసుకోవాలి. క్రూసో బానిసత్వం నుంచి తప్పించుకోవడానికి సాయపడిన కుర్రవాడు జూరీని, తర్వాత అరవై వెండి నాణేలకి అమ్మేస్తాడు. రచయితకి అందులో పెద్ద తప్పు కనిపించినట్టు ఉండదు. క్రూసో ఓడ మునిగింది కూడా బానిసలని కొనుక్కురావడానికి వెళుతుండగానే. హాగర్డ్ గురించి పైనే చెప్పాను. కానన్ డాయిల్ 'ది లాస్ట్ వరల్డ్' (1912) డైనోసార్లతో, కోపిష్టి ప్రొఫెసర్ ఛాలెంజర్‌తో హుషారుగా సాగుతుంది, పన్నెండేళ్ల పిల్లలకి భలే నచ్చుతుంది. కానీ అందులోనూ ఒక జాతినే ఊచకోత కోయడాన్ని విజయంగా రాసిన అధ్యాయం ఉంది. ఇలాంటి చోట్లు కత్తిరించిన పిల్లల ప్రతులు ఇవ్వడం నాకు ఇష్టం లేదు. పక్కన కూర్చుని చదివి, జూరీ దగ్గర ఆగి, ఇది నీకెలా అనిపించిందని అడగడమే మంచిది. అంత తీరిక లేకపోతే క్రూసోని రెండేళ్లు వాయిదా వేసి 'ట్రెజర్ ఐలాండ్' ఇవ్వండి.

ఇంత చెప్పాక కూడా ఎటూ తేల్చుకోలేకపోతే, ఒక సెలవురోజు సాయంత్రం 'ది టైమ్ మెషీన్' మొదలుపెట్టి రాత్రికి ముగించండి. చివర్లో జేబులోంచి తీసి బల్ల మీద పెట్టిన రెండు వాడిన తెల్లపూల దగ్గర మీ మనసు ఆగితే, తర్వాత 'ఫ్రాంకెన్‌స్టైన్' చదవండి. చనిపోతున్న సూర్యుడి కింద ఆ ఒడ్డు వెంటాడితే 'ది వార్ ఆఫ్ ది వరల్డ్స్'. ఇదంతా సరే, అసలు ఆ యంత్రాన్ని ఎలా చేశాడో చెప్పనే లేదే అని విసుగొస్తే మీరు వెర్న్ మనిషి, నెబ్రాస్కా చూసుకుని 'ట్వెంటీ థౌజండ్ లీగ్స్' తెరవండి. ఏదీ తగలకపోతే 'ట్రెజర్ ఐలాండ్' తీసి పదకొండో అధ్యాయం దాకా చదవండి. ఆపిల్ పీపా అక్కడే ఉంది.